చేయి లేని వ్రాత

వీరశైవ ధర్మమున అరచేతికి గల గౌరవము గొప్పది. దేవుడు గర్భాలయమున కాక భక్తుని అరచేతియందే నెలకొనును. పూజావేళ ఇష్టలింగమునకు పీఠమైన ఆ చేయియే పూజానంతరము మగ్గమును నడుపును, త్రాటిని పేనును, తెడ్డు వేయును, కలము పట్టును. జేడర దాసిమయ్య నేత నేసినాడు. నులియ చందయ్య త్రాళ్ళు పేనినాడు. అంబిగర చౌడయ్య పడవ నడిపినాడు. ఇవి ఆ మహనీయులకు పొట్టకూటి పనులు మాత్రమే యని తలచుట పొరపాటు. పూజ చేసిన చేయి పనిలో మోసము చేయరాదు. పనిలో మోసము చేసిన చేయి పూజకు తగదు. కాయకమునకు ఇంతకు మించిన వ్యాఖ్యానము అక్కరలేదు.

ఆ చేతులలో వ్రాయు చేయి కూడ ఒకటి. బసవేశ్వరుడు 12వ శతాబ్దమున కల్యాణ నగరమందు బిజ్జలుని భాండాగారమునకు అధికారి. లెక్కలతోడను, లెక్కలు వ్రాయువారితోడను ఆయన దినములు గడచినవి. రాజధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని అసూయాపరులు బిజ్జలునికి చాడీలు చెప్పగా, ధనమును తెచ్చి ఎంచి చూచినప్పుడు ఒక్క మాడయైనను తక్కువ పడలేదని బసవపురాణ కథ. భక్తులు దానిని శివుని మహిమగా చదువుదురు, అట్లే చదువవలెను. కాని ఆ కథలో ఇంకొక విశేషము కలదు. లెక్క చూపుమని ప్రభువు అడిగిన క్షణమున ఆ అధికారి గడువు కోరలేదు, వేరొకని పేరు చెప్పలేదు. లెక్క తనది గనుక, తానే నిలిచి చూపినాడు.

నేటి కార్యాలయములలో వ్రాత చేతిని విడిచిపోవుచున్నది. వ్రాసినది ఎవరు, దానికి నిలిచి జవాబు చెప్పువారు ఎవరు అను ప్రశ్న కొత్త రూపమున ముందునకు వచ్చినది. సహాయ కేంద్రములలో పనిచేయువారి నిత్యానుభవమే దీనికి తగిన ఉదాహరణము.

ఒక వస్తువు కొన్నవానికి గాని, బ్యాంకు ఖాతాదారునికి గాని ఇబ్బంది కలిగినప్పుడు అతడు ఆ సంస్థవారి సహాయ కేంద్రమునకు ఫోను చేయును, లేదా ఉత్తరము పంపును. అచ్చట అతని ఫిర్యాదునకు ఒక సంఖ్య ఇచ్చి కంప్యూటరులో ఒక పుట తెరతురు. దానికే టికెట్టు అని పేరు. రైలు టికెట్టుతో దీనికి సంబంధము లేదు. పూర్వపు కచేరీలలోని దస్త్రము వంటిది. ఫిర్యాదు ఎవరిది, ఎప్పుడు వచ్చినది, ఎవరి చేతిలో ఉన్నది, పరిష్కారమైనదా లేదా అను వివరములు అందులో ఉండును. ఉద్యోగి ఆ పుటలో వ్రాయు వ్రాతలు రెండు విధములు. ఒకటి జవాబు, అది ఫిర్యాదుదారునికి చేరును. రెండవది నోటు, అది సాధారణముగా లోపలి ఉద్యోగులకు మాత్రమే కనబడును. ఇట్టి వ్యవస్థలలో పేరొందిన ఫ్రెష్‌డెస్క్ 2010లో చెన్నైలోనే పుట్టినది. హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై నగరములలో ఈ పుటలే జీవనోపాధిగా గల యువతీయువకులు వేలకొలది ఉన్నారు. లింగాయతు కుటుంబముల బిడ్డలును ఆ వృత్తిలో ఉన్నారు. కావున ఇది దూరదేశపు సంగతి కాదు, ఇంటి సంగతియే.

ఈ పనిలోనికి ఇప్పుడు కృత్రిమ మేధ ప్రవేశించినది. ఒక చిత్రము గమనింపదగినది. సహాయ కేంద్రములలో పనిచేయు మనుష్యునికి మొదటినుండి ఏజెంటు అనియే పేరు. ఇప్పుడు అతని ప్రక్కన కూర్చున్న యంత్రమునకును అదే పేరు పెట్టినారు. ఏజెంటు అనగా మరియొకరి తరఫున పని చక్కబెట్టువాడు. భృత్యాచారము పంచాచారములలో ఒకటిగా గల ధర్మమునకు ఇట్టి పదవి చిన్నతనము కాదు. అయితే భృత్యునకు యజమాని యెవరో తెలియవలెను. తాను చేసిన పని తనదని ఒప్పుకొను నోరును ఉండవలెను. యంత్రమునకు మొదటిది కొంతవరకు నేర్పవచ్చును. రెండవది దానికి లేదు.

ఆ యంత్రము పని చేయు తీరు తెలిసికొననిదే ధర్మాధర్మ విచారము సాగదు. భాషను నేర్చిన మేధ తనంతట తాను ఏ దస్త్రమును తెరవజాలదు. దానికి కొన్ని పనిముట్లు అందింపబడును: టికెట్టును చదువునది ఒకటి, వెదకునది ఒకటి, స్థితిని మార్చునది ఒకటి, నోటు చేర్చునది ఒకటి. ప్రతి పనిముట్టునకు ఒక పేరు, దాని ఉపయోగమును తెలుపు రెండు మూడు వాక్యములు ఉండును. మేధ ఆ వాక్యములను చదివి, ఇప్పుడు ఈ పనిముట్టు కావలెనని నిశ్చయించి, పూరింపవలసిన వివరములను పూరించి పంపును. వేరొక ప్రోగ్రాము ఆ పనిని నెరవేర్చును. 2024 నవంబరులో ఆంథ్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ వంటి ఏర్పాట్ల వలన ఇట్లు పనిముట్లను అందించుట సులభమైనది.

నోటు చేర్చు పనిముట్టు చూచుటకు అతి స్వల్పము. టికెట్టు సంఖ్య, వ్రాయవలసిన మాటలు, ఆ మాటలు లోపలివారికే కనబడవలెనా లేక బయటివారికి కూడ కనబడవలెనా అను ఒక అవునుకాదుల గుర్తు. ఇంతే. ఫ్రెష్‌డెస్క్‌లో ఆ గుర్తును గూర్చి ఏమియు చెప్పకున్నచో నోటు గుప్తముగానే ఉండును. ధనము చెల్లించు పనిముట్టును యంత్రమునకు అప్పగించుటకు సంస్థలు వెనుకాడును. నోటు వ్రాయు పనిముట్టును మాత్రము వెనుకాడక ఇచ్చివేయును. నోటు వలన నష్టమేమి, ఎవరికిని కనబడదు గదా యని వారి భావము. విచారింపవలసినది సరిగా ఈ భావమునే.

ఊహకు ఒక సంగతి తీసికొనవచ్చును. జహీరాబాదులో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉన్నాడనుకొందురు గాక. ఆయన కొన్న ఫ్రిజ్జు రెండు నెలలకే చెడిపోయినది. ఫోను చేసినాడు. ఆయనకు వినికిడి తక్కువ. అవతలి ఉద్యోగిని వస్తువుపై గల సంఖ్యను చదువుమని మూడుసార్లు అడిగినది. ఆయన మూడుసార్లును తాను వస్తువు కొన్న తేదీ చెప్పినాడు. పిమ్మట విసిగి ఫోను పెట్టివేసినాడు. ఉద్యోగిని అప్పటికే తరువాతి ఫోను అందుకొన్నది. సంభాషణను విన్న యంత్రము దానిని అక్షరరూపమునకు తెచ్చి, సంగ్రహించి, టికెట్టునకు ఒక నోటు చేర్చినది: కొనుగోలుదారుడు వస్తువు సంఖ్యను తెలుపుటకు నిరాకరించినాడు, సహకరింపక ఫోను పెట్టివేసినాడు.

ఇందులో అబద్ధమెక్కడ? సంఖ్య చెప్పలేదనుట నిజము. ఫోను పెట్టివేసెననుట నిజము. నిరాకరించినాడు అను ఒక్క క్రియాపదమే యంత్రము తెచ్చి అతికినది. చెప్పలేదు అనుటకును నిరాకరించినాడు అనుటకును నడుమ ఒక మనుష్యుని శీలమంతయు ఉన్నది. మరునాడు ఆయన మరల ఫోను చేసినచో ఎత్తు ఉద్యోగి మొదట చదువునది ఆ నోటును. అతని గొంతు ఆ క్షణముననే బిరుసెక్కును. ఉద్యోగి స్థానమున మరియొక యంత్రమే ఉన్నచో చిక్కు ఇంకను ఎక్కువ. మనుష్యుడు నోటును చదివి ఒకవేళ సందేహించునేమో గాని, సందేహించుమని ఎవ్వరును చెప్పని యంత్రము దానిని జరిగిన సంగతిగానే స్వీకరించి, దానిపై తన నోటును పేర్చును. మూడవ నోటు నాటికి ఆ పెద్దమనిషి తగవులమారి యని దస్త్రము సాక్ష్యమిచ్చును. గోరంత కొండంత యగుటకు పూర్వము పది నోళ్ళు కావలసియుండెను. ఇప్పుడు ఒక్క పనిముట్టు మూడుసార్లు ఆడిన చాలును.

నోటి మాటకు సాక్షులు ఉందురు, మరపు ఉండును. వ్రాతకు మరపు లేదు. అందునను ఈ వ్రాత ఎవరిని గూర్చినదో అతడు లేని చోట వ్రాయబడినది. పరోక్షమున నింద చేయుట పాపమని ప్రతి మఠమునందును బోధింతురు. వ్రాసిన యంత్రమునకు నిందించు తలంపు లేదు, నిజమే. తలంపు లేనంత మాత్రమున నింద తగిలినవానికి నొప్పి తగ్గునా?

ఇక ఆ నోటు క్రింద ఎవరి పేరు కనబడును? ఇది ముఖ్యమైన ప్రశ్న. కంప్యూటరు వ్యవస్థలోనికి ప్రవేశించుటకు యంత్రమునకు ఒక తాళపు చెవి కావలెను. అది రహస్యాక్షరముల వరుస. పెక్కు వ్యవస్థలలో ఆ తాళపు చెవి ఒక ఉద్యోగి ఖాతాకు చెందినదై యుండును. సౌకర్యము కొరకు ఉద్యోగిని చెవినే యంత్రమునకు ఇచ్చినచో, యంత్రము వ్రాసిన నోటు క్రింద ఆమె పేరే పడును. ఆమె ఆ నోటును వ్రాయలేదు, చదువలేదు, కొన్నిసార్లు అట్టిదొకటి కలదనియు ఎరుగదు. కాని దస్త్రములో అది ఆమె మాట.

శరణ సాహిత్యము ఎరిగినవారికి ఇచ్చట అంకితము జ్ఞప్తికి రాక మానదు. ప్రతి వచనము చివర ఒక నామము ఉండును. బసవేశ్వరునికి కూడలసంగమదేవుడు, అల్లమ ప్రభువునకు గుహేశ్వరుడు, అక్కమహాదేవికి చెన్నమల్లికార్జునుడు. వారు తమ పేరు పెట్టుకొనక తమ దేవుని పేరు పెట్టినారు. ఇది వినయమని సాధారణముగా చెప్పుదురు. వినయమే, కాని అంతటితో సరిపోదు. దేవుని పేరు చివర నిలిపినవాడు ఆయన వినుచుండగా మాటాడినవాడగును. అంతకుముందు పలికిన ప్రతి పదమునకు ఆ నామము సాక్షి. ఆ సాక్షి యెదుట నిరాకరించినాడు అను మాటను ఊరక వాడుటకు నాలుక వెనుకాడును. అంబిగర చౌడయ్య ఒక్కడు తన పేరునే అంకితముగా పెట్టుకొన్నాడు. పడవవాడైన ఆ శరణుని మాట బహు కఠినము. ఎవరిని విమర్శించినను తన పేరు ముందునకు నెట్టి, అన్నది నేనే యని నిలిచినాడు. దేవుని సాక్షిగా పెట్టుకొనుట ఒక త్రోవ, తానే పూచీ పడుట ఒక త్రోవ. తాను పలుకని మాటకు తన అంకితము పడనిచ్చుట శరణుల త్రోవలలో ఏదియు కాదు.

కనుక యంత్రము వ్రాసిన నోటు యంత్రము పేరిటనే ఉండవలెను. మనుష్యుడు చదివి ఒప్పుకొన్న నోటు మనుష్యుని పేరిట ఉండవలెను. ఈ రెంటిని కలుపుట కూటసాక్ష్యమునకు పొరుగింటిది. యంత్రమునకు ప్రత్యేకముగా ఒక ఖాతా ఏర్పరచి, దాని పేరున మాత్రమే వ్రాయనిచ్చుట కష్టమైన పని కాదు. పెక్కు సంస్థలు ఆ పద్ధతిని పాటించుచున్నవి. పాటింపనివారిని ఆపుచున్నది సోమరితనమే గాని సాంకేతిక విద్య కాదు.

అయితే పేరు వేరు చేసినంతనే పూచీ కూడ యంత్రము మీదికి పోవునా? పోవునని వాదించిన సంస్థ ఒకటి కలదు. కెనడా దేశమున 2022 నవంబరులో, అవ్వ మరణించిన దుఃఖమున ప్రయాణమునకు సిద్ధమైన ఒక వ్యక్తి ఎయిర్ కెనడా విమాన సంస్థవారి చాట్‌బాట్‌ను ఛార్జీల విషయము అడిగినాడు. బంధుమరణ సందర్భమున ఇచ్చు తగ్గింపును టికెట్టు కొన్న 90 దినములలోపల తరువాతనైనను కోరవచ్చునని అది చెప్పినది. సంస్థ నియమము అందుకు విరుద్ధము. సొమ్ము ఇచ్చుటకు సంస్థ ఒప్పుకొనలేదు. వివాదము బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు సివిల్ పరిష్కార ట్రిబ్యునల్ ఎదుటకు పోగా, చాట్‌బాట్ తన చేతలకు తానే బాధ్యత వహింపదగిన వేరొక వ్యక్తి వంటిదని సంస్థ వాదించినట్లు తీర్పులో ఉన్నది. 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆ వాదమును త్రోసిపుచ్చినది. సంస్థ పుటలలోని ప్రతి మాటకు సంస్థయే బాధ్యురాలని చెప్పి, 650 డాలర్ల 88 సెంట్ల నష్టపరిహారమును, దానిపై వడ్డీని, ఖర్చులను చెల్లింపుమని ఆదేశించినది. సొమ్ము స్వల్పమే. కాని మరణవార్త విని వచ్చినవానికి జవాబు చెప్పుటకు ఒక యంత్రమును నిలబెట్టి, తప్పు దొరలినప్పుడు ఆ యంత్రమునే ముద్దాయిగా ముందునకు త్రోయుట ఎట్టి యజమాని ధర్మము? బానిసను ముందునకు నెట్టి తాను దాగికొనిన దొరల కథలు దేశదేశముల ఉన్నవి. ఇది వాటిలో ఆధునికమైనది.

అచ్చట తప్పు బయటికి ఇచ్చిన జవాబులో ఉన్నది, అందుచేతనే పట్టుబడినది. జహీరాబాదు ఉపాధ్యాయుని నోటు వంటిది పట్టుబడదు. అది లోపల ఉన్నది. తప్పు మాట బయట ఉన్నచో ప్రమాదమనియు, లోపల ఉన్నచో క్షేమమనియు లోకరీతి. బసవేశ్వరుని బోధ ఇందుకు ఎదురుగా నిలుచును. దొంగతనము, హింస, అసత్యము, కోపము, పరులను ఈసడించుట, ఆత్మస్తుతి, పరనింద వీటిని విడుచుటయే అంతరంగ శుద్ధియనియు, అదియే బహిరంగ శుద్ధియనియు ఆయన ఉపదేశము. లోపలికి ఒక నియమము, వెలుపలికి ఒక నియమము ఆయన చెప్పలేదు. జవాబులో అయ్యా, దయచేసి అని వ్రాసి, నోటులో ఈ ముసలివాడు సతాయించుచున్నాడు అని వ్రాసిన సంస్థకు శుద్ధి ఏదియు లేనట్లే.

అట్లయినచో గుప్తమైన నోటే తప్పా? కాదు. ఇచ్చట తొందరపడి తీర్పు చెప్పరాదు. నోటు యొక్క అసలు ప్రయోజనము ఒక విధమైన దాసోహము. కష్టము కలిగినవాడు తన కష్టమును ఒకరికి చెప్పుకొనును. ఆ ఉద్యోగి పని వేళ ముగిసి ఇంటికి పోవును. మరునాడు వేరొకరు వత్తురు. నోటు లేనిచో ఆ దుఃఖితుడు మొదటినుండి మరల చెప్పవలెను. భర్త పోయిన తరువాత ఆయన పేరిట ఉన్న ఫోను కనెక్షనును మూసివేయింప దలచిన ఇల్లాలు, ఆయన పోయినారని ఒకే వారములో ఐదుగురు అపరిచితులకు చెప్పవలసి వచ్చుట ఎంతటి హింసయో అనుభవించినవారికి తెలియును. ఈమె భర్త ఇటీవల మరణించినారు, మరల అడుగరాదు, పత్రములు అందినవి అని ముందు ఉద్యోగి వ్రాసిన మూడు మాటలు ఆమెకు పెట్టిన ప్రసాదము వంటివి. ఆ నోటు ఆమెకు కనబడదు. కనబడకయే ఆమెను కాపాడును. ఇట్టి నోటును యంత్రము వ్రాసినను మేలే. అలసిన ఉద్యోగి మరచిపోయిన దానిని యంత్రము మరువక వ్రాసినచో ఇంకను మేలు. యంత్రమును చూచి భయపడి వెలివేయుమనుట ఇచ్చటి ఉద్దేశము కానే కాదు. మగ్గము కూడ యంత్రమే. దాసిమయ్య దానిని వెలివేయలేదు.

గుప్తమైన దానిని పరీక్షించుటకు ఒక సులభమైన త్రోవ కలదు. ఆ నోటు ఎవరిని గూర్చినదో అతని చేతికి ఇచ్చినచో వ్రాసినవారు తలయెత్తి నిలువగలరా? పైన చెప్పిన ఇల్లాలు తన నోటును చదివినచో కన్నీరు పెట్టుకొనునేమో గాని అవమానపడదు. ఉపాధ్యాయుడు తన నోటును చదివినచో? ఈ ప్రశ్న కేవలము ఊహ కూడ కాదు. 2017 డిసెంబరు 20న ఐరోపా సమాఖ్య న్యాయస్థానము, ఐర్లండులో అకౌంటెన్సీ పరీక్ష వ్రాసిన ఒక అభ్యర్థి వ్యాజ్యమున, అతని జవాబులే గాక వాటిపై పరీక్షకుడు వ్రాసిన వ్యాఖ్యలు కూడ అభ్యర్థికి సంబంధించిన వ్యక్తిగత సమాచారమే యని తీర్పు చెప్పినది. మార్జినులోని వ్రాత వ్రాసినవానిది మాత్రమే కాదు, ఎవరిని గూర్చి వ్రాసిరో వానిది కూడ అని దాని సారము. భారతదేశమున 2023లో చేయబడిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సహితము తన సమాచారమును గూర్చి తెలిసికొను హక్కును, తప్పును దిద్దించుకొను హక్కును పౌరునకు పేర్కొన్నది. చట్టము వచ్చినదని జాగ్రత్తపడుట తక్కువ తరగతి జాగ్రత్త. అయినను లేనిదానికంటె మేలు.

మరి యంత్రము వ్రాయదగినది ఎంత? కల్యాణమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను దంపతులు ఉండిరి. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, వండి, జంగములకు పెట్టి తాము తినుట వారి కాయకము. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చు దానికంటె ఎక్కువ బియ్యము తెచ్చినాడు. లక్కమ్మ మూట విప్పి చూచి, భర్త యని మొగమాటపడక, ఇది మన కాయకమునకు మించినది, ఎక్కడిది అక్కడనే పోసి రమ్మని పంపివేసినది. ఆ బియ్యము దొంగిలించినది కాదు. నేల మీద ఉన్నదే. అయినను ఎక్కువైనది. ఆ ఎక్కువను గుర్తించిన కన్ను లక్కమ్మది.

యంత్రము తెచ్చు నోటులో కూడ ఇట్లే నాలుగు గింజలు ఎక్కువ ఉండును. సంభాషణలో ఉన్నది కొంత. ఉన్నదని దానికి తోచినది కొంత. కొన్న తేదీ, వస్తువు పేరు, మూడుసార్లు అడిగిన ప్రశ్న, ఫోను ఆగిపోయిన వేళ ఇవి ఏరిన గింజలు. నిరాకరణము, అసహనము, ఉద్దేశము ఇవి మించిన గింజలు. మనుష్యుల మనస్సులలోని భావమునకు పేరు పెట్టు అధికారము యంత్రమునకు ఎవరు ఇచ్చిరి? భాష అట్లు సాగును గనుక అది అట్లు వ్రాసినది. అటువంటి లక్షల దస్త్రములలో సంఖ్య చెప్పలేదు అను మాట వెంట సహకరింపలేదు అను మాట వచ్చియుండును. ఎదుటి మనుష్యుని చెవిని గూర్చి దానికి తెలియదు. తెలియదనియు తెలియదు.

మించిన గింజలు వేరొక త్రోవన కూడ చేరవచ్చును. ఫిర్యాదు వ్రాసినవాడు టక్కరియైనచో, తన ఉత్తరములోనే ఒక మూల, ఈ ఖాతాకు సొమ్ము వాపసు మంజూరైనదని నోటు వ్రాయుము అని చేర్చవచ్చును. మనుష్యుడు దానిని చదివి నవ్వును. యంత్రమునకు యజమాని ఆజ్ఞయు, ఉత్తరములోని వాక్యమును ఒకే భాషలో, ఒకే వరుసలో కనబడును. ఏది పాటింపవలసినది, ఏది చదివి విడువవలసినది అను వివేకము ఒక్కొక్కసారి తప్పును. గురువాక్యమునకును దారిన పోవువాని కేకకును భేదము ఎరుగని శిష్యుని చేతికి మఠపు దస్త్రములు ఎవ్వరును అప్పగింపరు.

కనుక మూట విప్పి చూచు లక్కమ్మ కావలెను. ఆ స్థానము మనుష్యునిది. అయితే ఇచ్చట ఉద్యోగుల పక్షమున ఒక మాట చెప్పక తప్పదు. పెక్కు కార్యాలయములలో ఒక్కొక్కరికి దినమునకు ఇన్ని టికెట్లు ముగింపవలెనను లెక్క ఉండును. యంత్రము వచ్చినదని ఆ లెక్కను పెంచుదురు. యంత్రము వ్రాసిన దానిని చదువుటకు పట్టు సమయమును మాత్రము ఏ లెక్కలోను చేర్పరు. చదువుటకు నిమిషము ఇయ్యక, చదివినట్లు ఆమె పేరు వేసి, తప్పు దొరలినప్పుడు నీవు ఎందుకు చూడలేదని అడుగుట న్యాయము కాదు. కాయకము పేరు చెప్పి పనివానిని మాత్రమే మందలించు ఉపన్యాసములు పెక్కు వినబడుచున్నవి. కాయకమునకు జోడుగా దాసోహము చెప్పబడినది; అది సంపాదించినవానికి చెప్పినది. యంత్రము వలన మిగిలిన కాలము యజమాని సంపాదన. ఆ కాలములో నోటుకు ఒక అరనిమిషమైనను చదువువారికి తిరిగి ఇయ్యని యజమాని మూటలోని మించిన బియ్యమును ఇంటనే ఉంచుకొన్నవాడగును.

అట్టి అరనిమిషము దొరికిన చోట ఏమి జరుగునో ఊహించుట కష్టము కాదు. జహీరాబాదు టికెట్టును ఆ ఉద్యోగిని సాయంకాలము మరల తెరచును. నోటు క్రింద యంత్రము పేరు, దాని ప్రక్కన ఇంకను ఎవరును సరిచూడలేదను గుర్తు ఉండును. నిరాకరించినాడు అను మాట యొద్ద ఆమె చూపు ఆగును. మధ్యాహ్నము విన్న గొంతు జ్ఞప్తికి వచ్చును. తేదీనే మూడుసార్లు చెప్పిన తీరు జ్ఞప్తికి వచ్చును. ఇంటిలో ఆమె తాతగారు కూడ అట్లే అడిగినది ఒకటి, చెప్పునది ఒకటి. ఆమె ఆ వాక్యమును కొట్టివేసి, తన పేరిట వేరొక నోటు వ్రాయును: పెద్దవారు, వినికిడి తక్కువగా తోచుచున్నది, నెమ్మదిగా, బిగ్గరగా మాటాడవలెను, సంఖ్య ఫ్రిజ్జు తలుపు లోపలి ప్రక్కన ఉండునని చెప్పి, ఇంటిలో వేరొకరు ఉన్నచో చదివింపుమని కోరవలెను.

మరునాడు ఉదయము పదిగంటలకు ఆ ఉపాధ్యాయుడు మరల ఫోను చేయును. ఎత్తినది వేరొక యువకుడు. అతడు నోటును చదివి, కుర్చీలో కొంచెము ముందునకు జరిగి, గొంతు పెంచి, నమస్కారమండీ మాస్టరుగారూ అని మొదలుపెట్టును.